మూడో పేరు

కోకాపేట,
ఆదివారం.

పూజ్యులైన జయంతి అక్కయ్యకు, శ్రీనివాసరావు బావగారికి విశ్వం నమస్కారాలు.

ఇక్కడ నేనూ శ్యామూ ఆరోగ్యంగా ఉన్నాం. తణుకులో మీరిద్దరూ కులాసాగా ఉన్నారని, బావగారి దగ్గు తగ్గిందని నీ ఉత్తరం వల్ల తెలిసి నిమ్మళించాను. ఫోన్లో నీకు సరిగ్గా వినపడదు, నాకు అరిచి మాట్లాడడం చేతకాదు. అందుకే ఈసారీ ఉత్తరమే రాస్తున్నాను.

నువ్వడిగిన వాటికి ముందు జవాబులు. వంట నేనే చేసుకుంటున్నాను. చారు కుదురుతోంది, కూరలు ఇంకా కుదరలేదు. మాది పదిహేడో అంతస్తే అయినా లిఫ్టులు మూడున్నాయి, కరెంటు పోయినా ఆగవు. కాబట్టి నీ మోకాళ్ళ గురించి బెంగ వద్దు. పెళ్ళికూతురు చేపలు తింటుందా అని అడిగావు. తింటుంది. మన ఇంట్లో అడగదు. బాల పట్టుచీరల సంగతి కూడా అడిగావు. బీరువా ఇంకా తెరవలేదు. బాల పోయి ఏడాది దాటింది, తెరవాలి. నువ్వొచ్చాక తెరుద్దాం.

ఇక మన శ్యామ్ పెళ్ళి విషయం. మాఘంలో ముహూర్తం ఖాయమైంది. పెళ్ళికూతురు జోఫ్యాకు తండ్రి లేడు. తల్లి ఒక్కతే పోలండు నుంచి వస్తోంది. కన్యాదానం చేయడానికి దంపతులు కావాలి కనుక నిన్నూ బావగారినీ పీటల మీద కూర్చోమని అడిగాను. మేనత్త చేతుల మీదుగా వస్తే వరసా కలుస్తుంది. నువ్వు ఒప్పుకుంటూ ఒక్క షరతు పెట్టావు. మీ గోత్రమే ఇస్తామన్నావు. కానీ పురోహితుడు చదివే మూడు తరాల పేర్లు, తండ్రి, తాత, ముత్తాత, పిల్ల సొంతవాళ్ళవే కావాలన్నావు. ‘దారిన పోయే పిల్లను కాదు, ఒక ఇంటి పిల్లను ఇస్తున్నానని నాకు తెలియాలి’ అని రాశావు. అడగవలసిన మాటే అనిపించి పనిలోకి దిగాను.

తండ్రి మారెక్, తాత యాన్. ఈ రెండూ జోఫ్యాకు తెలుసు. ముత్తాత యుద్ధంలో పోయాడని ఇంట్లో చెప్పుకునేవారే తప్ప పేరు ఎవరికీ గుర్తు లేదు. యాన్ పుట్టింది 1921లో, దక్షిణ పోలండులో ఒక పల్లెలో. అక్కడ బిడ్డకు జ్ఞానస్నానం చేయించగానే చర్చి పుస్తకంలో రాసేవారు. ఆ పుస్తకాల ఫోటోలు ఇప్పుడు కంప్యూటరులో చూడొచ్చు. రాసింది లాటిన్‌లో. నాకు లాటిన్ రాదు, అయినా జంకలేదు. ముప్ఫై నాలుగేళ్ళు రిజిస్ట్రేషన్ ఆఫీసులో పాత దస్తావేజులు చదివినవాడిని. తేదీ, ఇంటి నంబరు, బిడ్డ పేరు, తల్లిదండ్రులు, అన్నీ మా పుస్తకాల్లాగే గళ్ళు గీసి ఉన్నాయి. ఆరు ఆదివారాలు ఇద్దరం కూర్చుని వెతికాం. ఏడో ఆదివారం జోఫ్యాకు ఆఫీసు ఉంది. ఆ రోజు నేనొక్కడినే చూస్తుంటే యాన్ దొరికాడు. ఇంటి నంబరు 47. అదే వరసలో స్తానిస్లావ్ అన్న పేరుంది. అదే ముత్తాత పేరని పోయిన ఉత్తరంలో నీకు రాశాను. సరిపోయింది, టిక్కెట్లు తీశామని నువ్వు జవాబు రాశావు.

అక్కయ్యా, ఆ పేరు తప్పు.

తండ్రి గడి ఖాళీగా ఉండొచ్చని నాకు తట్టలేదు. తండ్రి పేరు లేని దస్తావేజు నా సర్వీసులో ఒక్కటీ రిజిస్టరు చేయలేదు. ఆ అలవాటుతో బిడ్డ తర్వాత కనపడ్డ మొదటి మగపేరు తండ్రిదే అనుకున్నాను. ఇంకో అలవాటు కొద్దీ, ఫోటో చాలదని ఆ చర్చి ఫాదరీగారిని సంతకం చేసిన నకలు అడిగాం. అది నిన్న కాక మొన్న వచ్చింది. ఆ సమయానికి మన పురోహితుడు లింగమూర్తిగారు కూడా ఇక్కడే ఉన్నారు. ఖాజాగూడలో తనుండే ఇంట్లో పని చేసే జ్యోతి దగ్గర జోఫ్యా తెలుగు నేర్చుకుంది. నకలు వాళ్ళ పోలిష్ భాషలో ఉంటే ఆ తెలుగులోనే చదివి చెప్పింది.

“తల్లి మరియన్నా, పనిమనిషి. తండ్రి... ఏం లేదు మావయ్యా. గీత గీసిండ్రు.”

“మరి స్తానిస్లావ్?” అన్నాను.

“ఆయన కమ్మరి. చర్చిల జ్ఞానస్నానమప్పుడు సాక్షి లెక్క బిడ్డను పట్టుకున్నడు, అంతే.”

జోఫ్యా కాగితం మళ్ళీ మొదటి నుంచి చూసింది. తర్వాత తనే అంది, “మా ఇంట్ల ఒక సిపాయి ఫోటో ఉంది. మా తాత రోజు దాని ముంగట కొవ్వొత్తి పెడుతుండె. ఇగ ఆయనెవరో!”

లింగమూర్తిగారు తేలిగ్గా తీసేశారు. “దానికేముందండీ, కమ్మరి పేరే చదివేద్దాం. బాజాల మోతలో ఎవరు వింటారు? పోలండు వెళ్ళి ఎవరు చూసొస్తారు?”

“గట్లెట్ల పంతులుగారూ? ఆయనకు ఆయన పిల్లలుంటరు గదా. నేను పోయి నడుమ కూసుంటే వాళ్ళు పరేషాన్ అయితరు.”

శ్యామ్ నవ్వాడు. “మీకు పుట్టబోయే మనవలు కూడా ఇలాగే మాట్లాడతారు నాన్నా. సిద్ధంగా ఉండండి.”

జోఫ్యా నవ్వలేదు. కాగితం మీద వేలు పెట్టి, “ముత్తాత లేకుంటే ముత్తవ్వ ఉంది. ఒక్కతే మా తాతను సాదింది. ఆమె పేరు చెప్పుండ్రి” అంది.

లింగమూర్తిగారు చాలాసేపు ఆలోచించారు. ఇలా తనెప్పుడూ చదవలేదని, అయినా చదువుతానని అన్నారు. “కానీ పీటల మీద కూర్చునేవాళ్ళకు ముందే తెలియాలండీ. తెలియకుండా వాళ్ళ చేత ధార పోయించను” అన్నారు. అందుకే ఇది నీకు రాస్తున్నాను.

తప్పు దిద్దకుండా ఊరుకుంటే నువ్వు నిశ్చింతగా వచ్చేదానివి. ఎవరికీ తెలిసేది కాదు. అలా ఊరుకోకపోవడానికి కారణం ఉంది. అది నలభై ఏళ్ళ కిందటిది.

బాల తల్లిదండ్రులు చిన్నప్పుడే పోయారని, దూరపు చుట్టం గనుక రామబ్రహ్మం మాస్టారు పెంచారని మనవాళ్ళకు చెప్పింది నేనే. అది నిజం కాదు. పిఠాపురం ప్రభుత్వాసుపత్రి వరండాలో దొరికిన బిడ్డ బాల. మాస్టారు, ఆయన భార్య ఇంటికి తెచ్చి పెంచుకున్నారు. పెళ్ళికి ముందే బాల నాకు అంతా చెప్పింది. నేను చేసుకుంటానన్నాను. పెళ్ళికి ముందు రోజు పురోహితుడు మూడు తరాల పేర్లు అడిగితే మాస్టారు నా దగ్గరికి వచ్చారు. అబద్ధం ఆడడం ఆయనకు రాదు. చీటీ నేను రాసిచ్చాను. ఆ వారమే ఆఫీసులో ఒక పాత అమ్మకం దస్తావేజుకు నకలు రాశాను. అందులో కొన్నవాణ్ణి తండ్రిని చేశాను, అమ్మినవాణ్ణి తాతను చేశాను, సాక్షిని ముత్తాతను చేశాను. పేర్లలోనే పెద్దరికం ఉందని నువ్వు మెచ్చుకున్నావు.

ఏడాది తిరక్కముందే బాల ఒకసారి అడిగింది, “అక్కయ్యగారికి చెప్పేద్దామండీ” అని. వద్దన్నాను. మళ్ళీ అడగలేదు. నీ తుంటి విరిగినప్పుడు మూడు నెలలు మీ ఇంట్లో ఉండి నీకు తల దువ్వింది. అప్పుడు కూడా చెప్పలేదు. నేను వద్దన్నానని. నీకు చెప్పకుండానే పోయింది. తప్పు బాలది కాదు, నాది.

క్షమించమని రాయడం లేదు. నీకు తెలియాలని రాస్తున్నాను. కోపం వస్తే నా మీదే రానీ.

ఇప్పుడు చేయబోయేది చెబుతాను. మారెక్ కూతురు, యాన్ మనవరాలు, మరియన్నా మునిమనవరాలు అని చదువుతారు. అది తేలిపోయింది. పిల్ల తల్లికీ చెప్పాం, ఆమె కూడా సరే అంది. మీరు కూర్చోలేమంటే లింగమూర్తిగారి అన్నగారు, వదినగారు కూర్చుంటారు. ఆయన అడిగి ఉంచారు. అప్పుడైనా మీరు పెళ్ళికి రావాలి, ముందు వరసలో కుర్చీలు మీవే. బావగారితో మాట్లాడి నిదానంగా జవాబు రాయి. నెల పైన వ్యవధి ఉంది.

కానీ నా కోరిక ఏదో నీకు తెలుసు. ఆ రోజు పందిట్లో నా చీటీలోని పేర్లు చదువుతుంటే బాల తల వంచేసుకుంది. అందరూ సిగ్గనుకున్నారు. నువ్వే వచ్చి గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తావు. ఎవరి పిల్లో నీకు తెలియదు. అయినా ఎత్తావు.

ఈసారి తెలిసి రా.

ఇట్లు,
నీ తమ్ముడు,
విశ్వేశ్వరరావు