బ్లేజర్ గుండీ

1969. తార్నాక. ఆదివారం రాత్రి.

అన్నయ్య బ్లేజర్ గుండీ దొరికింది. దొరక్కపోయినా బాగుండేది.

యూనివర్సిటీ హాకీ టీమ్ వాళ్లకే ఇచ్చే ముదురు నీలం బ్లేజర్ అది. ఇత్తడి గుండీల మీద కూడా యూనివర్సిటీ ముద్ర ఉంటుంది. పై గుండీ ఒక్కటే పెట్టుకోవాలి, కిందిది వదిలెయ్యాలి అని అన్నయ్య నాకు ఎన్నిసార్లు చెప్పాడో! క్యాంపస్‌లో రాళ్లు పడి, పోలీసులు లాఠీలు ఎత్తిన సాయంత్రం మాత్రం కింది గుండీ పెట్టుకుని ఇంటికొచ్చాడు. పైది ఉన్నచోట బట్ట చిరిగి ఉంది. "ఏడనో పడ్డది" అన్నాడు. అమ్మ ఇల్లంతా వెతికింది.

ఇవాళ సాయంత్రం ఒకాయన సైకిల్ మీద వచ్చి అరచేతిలో గుండీ చూపించాడు. "ఇది మీ ఇంటోళ్లదేనా అమ్మా?" తెల్లచొక్కా వేసుకున్నాడు గానీ కాళ్లకు పోలీసు బూట్లు. నేను కాదనేలోపే అమ్మ మురిసిపోయింది. "మా పెద్దోనిదే! ఏడ దొరికింది నాయనా?" బ్లేజర్ తెచ్చి, పక్కన పెట్టి మరీ చూపించింది.

ఆయన నవ్వాడు. "బాబు ఎప్పుడొస్తడు?"

"మల్కాజ్‌గిరి దోస్తు ఇంటికి పోయిండు. పొద్దుగాలనే వస్తడు."

గుండీ అమ్మ చేతిలో పెట్టి వెళ్లాడు. అన్నయ్యకు కబురెట్లా పంపాలి? అమ్మకేం చెప్పాలి?

అమ్మ జంటదారంతో కుట్టి, "ఇగ ఊడదు" అని బ్లేజర్‌ను వరండాలో గాలికి వేలాడదీసింది. వీధిలోకి బాగా కనబడుతోంది. లోపలికి తెద్దామని ఇప్పుడే లేచాను.

సందు చివర ఆ సైకిల్ ఇంకా ఉంది.