పసుపు చొక్కా వెనకాల

నవంబరు 12, బుధవారం
మధ్యాహ్నం, మందుల షాపులో

గౌరవనీయులైన వదినగారికి,

మీ మరదలు నమస్కారాలతో రాస్తున్నది. ఇక్కడ ఇద్దరం ప్రాణాలతో ఉన్నాం. క్షేమంగా ఉన్నామని రాయబోతే చెయ్యి సాగలేదు, అందుకని ఉన్నమాటే రాశాను. అన్నయ్యగారి మోకాలి నొప్పి ఎలా ఉంది? పోయినసారి పంపిన పూతమందు పనిచేస్తే చెప్పండి, ఇంకో రెండు ట్యూబులు పంపుతాను.

ఫోను చేయకుండా ఉత్తరం ఏమిటని కంగారు పడకండి. మా ఇంట్లో ఉన్నవి రెండు గదులు. చూపు తగ్గిన దగ్గర్నుంచీ మీ తమ్ముడివి పాము చెవులయ్యాయి. షాపులోంచి చేద్దామంటే కౌంటరు ముందు ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు. భోజనం వేళ షట్టరు సగం దించి, మందుల అట్టపెట్టె మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాను. మాకు సరుకు తెచ్చే వ్యాను మీ ఊరి మీదుగానే వెళుతుంది. డ్రైవరు చేతికిస్తే సాయంత్రానికల్లా మీకు అందుతుంది.

కళ్ళ సంగతి మీకు తెలిసిందే. రెండు పక్కలా చీకటి మూసుకొస్తోందనీ, గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా ఉన్నది మాత్రమే కనబడుతుందనీ, దీనికి మందు లేదనీ డాక్టరు చెప్పిన రోజున ఆయనే మీకు ఫోను చేశారు. డ్రైవింగు స్కూల్లో బండి నేర్పడం ఆ వారమే మానేశారు. ఇప్పుడు అక్కడే బల్ల దగ్గర కూర్చుని ఫోన్లు ఎత్తుతూ, ఎవరికి ఎప్పుడు క్లాసో చెబుతున్నారు. సైకిలు కూడా మానేశానని మీతో అన్నారు. మానలేదు వదినా. ప్రతి ఆదివారం క్లబ్బు వాళ్ళతో ఊరి బయటికి వెళుతూనే ఉన్నారు. నేను ఎంత మొత్తుకున్నా, "అన్నీ పోతున్నాయి, అదొక్కటీ ఉండనీ" అన్నారు.

అందుకని ఒక ఏర్పాటు చేసుకున్నాం. నేను కూడా క్లబ్బులో చేరాను. మెరిసే పసుపు చొక్కా వేసుకుని ఆయన ముందు తొక్కుతాను. గుంట వస్తే గుంట అని, మలుపు వస్తే కుడి అనో ఎడమ అనో కేక వేస్తాను. ఆయన నా వీపు మీదే చూపు పెట్టుకుని వస్తారు. క్లబ్బులో ఎవరికీ చెప్పనని నా చేత ఒట్టు వేయించుకున్నారు. వాళ్ళేమో పెళ్ళాం కొంగు పట్టుకుని తిరుగుతున్నాడని ఆటపట్టించేవాళ్ళు. ఆయన నవ్వేసేవారు.

మొన్న ఆదివారం ఎండ బాగా కాసింది. కాలవ గట్టు దాటి, ఇటుక బట్టీల మీదుగా, పొలాల మధ్య రోడ్డు పట్టుకున్నాం. ఆయన ఈల వేసుకుంటూ హుషారుగానే వచ్చారు. మూడు రోడ్లు కలిసే చోట టీ కొట్టు దగ్గర ఆగాం. మా క్లబ్బులో పళ్ళ డాక్టరమ్మ ఒకావిడ ఉంది. టీ తాగి అందరూ కదిలే వేళకి ఆవిడ టైరు పంక్చరై కనబడింది. ట్యూబు మార్చడం నాకు వచ్చు కాబట్టి నేను ఆగిపోయాను. ఆయన్ని గోడవార నిలబెట్టి, నేను వచ్చి పిలిచేదాకా కదలొద్దని చెప్పాను. అదే సమయానికి వేరే ఊరి సైకిలు వాళ్ళెవరో బయల్దేరుతున్నారు. వాళ్ళలో ఒకమ్మాయి వేసుకున్నది పసుపు చొక్కా.

చేతుల మసి తుడుచుకుని లేచి చూస్తే గోడ దగ్గర ఆయన లేరు. సైకిలూ లేదు.

మా వాళ్ళతో కలిసి ముందుకు వెళ్ళి ఉంటారనుకున్నాను. ఊపిరి అందకుండా తొక్కి వాళ్ళని అందుకున్నాను. అక్కడ లేరు. ఆయన ఫోను నా సంచిలోనే ఉంది, జేబులోంచి జారిపోతుందని నేనే పెట్టుకున్నాను. అందరినీ వెనక్కి తిప్పుకుని మళ్ళీ టీ కొట్టుకి వచ్చాను. కొట్టాయన్ని అడిగితే, సైకిళ్ళు మూడు రోడ్ల మీదా పోయాయమ్మా, ఎవరెటు పోయారో నేనేం చూశాను అన్నాడు. రోడ్డు మీద లారీలు పోతున్నాయి. ప్రతి లారీ చప్పుడుకీ తిరిగి చూశాను.

ఇక ఒట్టు తీసి గట్టున పెట్టాను. మా క్లబ్బు ప్రెసిడెంటుకి బేకరీ ఉంది, అందరూ బన్ను బాబాయి అంటారు. బాబాయి సైకిలు హ్యాండిలు పట్టుకుని, "మా ఆయనకి కళ్ళు సరిగ్గా కనబడవు బాబాయిగారూ, నా చొక్కా చూసుకుని తొక్కుతారు" అన్నాను. డాక్టరమ్మకి కోపం ఆగలేదు. "మా అమ్మాయి ఆయన పక్కనే తొక్కేది. ఇన్నాళ్ళూ మాకు చెప్పాలనిపించలేదా నీకు?" అంది. ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది? బాబాయి కల్పించుకుని, "తిట్టడం తర్వాత చూద్దాం. ముందు మనిషి దొరకాలి" అని అందర్నీ మూడు జట్లు చేసి మూడు రోడ్ల మీదకి పంపాడు. తిట్టిన డాక్టరమ్మే నాతో వచ్చింది.

మేము వెళ్ళిన రోడ్డు పొడుగునా చెట్ల నీడ. నీడలో ఆయనకి ఇంకా తక్కువ కనబడుతుంది వదినా. ఎండలోంచి నీడలోకి వస్తే ఎవరో దీపం ఆర్పేసినట్టే ఉంటుందంటారు. పక్కనే లోతైన కాలవ. ప్రతి మలుపులో దాంట్లోకి తొంగి చూస్తూ, పిలుస్తూ వెళ్ళాను. గొంతు బొంగురుపోయింది. పొలంలో పైపు బిగించుకుంటున్న మనిషిని అడిగితే తల అడ్డంగా ఊపాడు. ఇంకాస్త దూరం పోయాక పెట్రోలు బంకులో, సీసాలో నీళ్ళు పట్టుకుంటూ పసుపు చొక్కా కనబడింది. "ఎవరో ఒకాయన చాలాదూరం నా వెనకే వచ్చారండీ. పందెం వేస్తున్నారనుకుని నేనూ జోరు పెంచాను. నేను ఇటు తిరిగాను, ఆయన తిన్నగా పోయారు" అంది ఆ అమ్మాయి. తిన్నగా పోతే ఏముందని బంకు మనిషిని అడిగాను. పాత రాళ్ళ క్వారీ ఉందనీ, నీళ్ళు నిండిపోయాక అటు ఎవరూ వెళ్ళడం లేదనీ చెప్పాడు.

అక్కణ్ణుంచి ఎలా తొక్కానో నాకే తెలియదు. తారు అయిపోయి కంకర వచ్చింది. చక్రం జారి పడ్డాను, డాక్టరమ్మ లేపింది. అప్పటికి ఆవిడే ఏడుస్తోంది. క్వారీ అంచున ఆయన సైకిలు పడి ఉంది. మనిషి లేరు. నీళ్ళకేసి చూశాను. పచ్చగా, ఎక్కడా కదలిక లేకుండా ఉన్నాయి. ఆ నీళ్ళు చూస్తూ నేనేమనుకున్నానో మీకు రాయలేను.

అప్పుడు రాళ్ళ గుట్ట వెనక నుంచి దగ్గు వినబడింది. మీ తమ్ముడు అక్కడ చతికిలబడి ఉన్నారు. అరిచేతులు రెండూ దోక్కుపోయి నెత్తురు కారుతోంది. "వచ్చావా" అన్నారు. "దారి తప్పాను. నువ్వనుకుని ఎవరి వెనకో వచ్చేశాను." నేను కొట్టాను వదినా. ఆయన్ని భుజం మీద రెండు చేతులతో కొట్టి, ఆ భుజం మీదే పడి ఏడ్చాను. ఆయన కంట మాత్రం చుక్క లేదు.

బన్ను బాబాయి బేకరీ వ్యాను తెప్పించి మమ్మల్ని ఇంట్లో దింపాడు. సోమవారం మళ్ళీ వచ్చి, ఇద్దరు తొక్కే సైకిలు ఒకటి ఎక్కడో ఉందట, దాన్ని తెప్పిస్తాననీ, వెనక సీటు మీ తమ్ముడిదేననీ చెప్పాడు. ఆయన థాంక్స్ చెప్పి, సాగనంపి, వెళ్ళి గోడవైపు తిరిగి పడుకున్నారు.

జరిగింది ఇదీ. చిన్నప్పుడు ఆయన్ని ఎత్తుకుని పెంచిన చేతులు మీవి. వీలు చూసుకుని నాలుగు రోజులు వచ్చి ఉండి వెళ్ళండి. అన్నయ్యగారికి నా నమస్కారాలు చెప్పండి.

ఇట్లు
మీ మరదలు

తా.క. ఈ కాగితం విడిగా మడిచి పెట్టాను. పై ఉత్తరం అన్నయ్యగారికి చదివి వినిపించండి. ఇది మాత్రం మీరొక్కరే చదవండి. మీ ఫోను ఎత్తేది అన్నయ్యగారు కాబట్టే ఫోను చేయలేదు.

నిన్న సాయంత్రం ఆయన చేతుల కట్టు మారుస్తున్నాను. ఉన్నట్టుండి, "ఆ పసుపు చొక్కా నువ్వు కాదని నాకు తెలుసు" అన్నారు. మొదటి గుంటకే తెలిసిందట. చక్రం దబ్బుమని గుంటలో పడింది, ముందున్న మనిషి కేక వేయలేదు. అక్కడే ఆగి ఉండొచ్చు. ఆగలేదు. ఇలా పోతూ ఉంటే ఏ లారీయో చూసుకుంటుంది, దీనికి నా బరువు తప్పుతుంది అనుకున్నారట. బంకు దాటాక, ముందు దారి లేదు, క్వారీ ఉంది అని రాసిన బోర్డు ఉందట. ఆ కంగారులో నేను చూడలేదు. ఆయన చూశారు. దిగి, దగ్గరికి వెళ్ళి, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని చదివి, మళ్ళీ సైకిలెక్కారు. నీళ్ళు కనబడ్డాక చేతులు వాటంతటవే బ్రేకు నొక్కేశాయట, పక్కకి పడ్డారట. "పిరికివాణ్ణి" అన్నారు. గొంతు కూడా మారలేదు వదినా. కట్టు కాస్త వదులుగా వేయమన్నారు.

ఇవాళ పొద్దున సైకిలు తాళంచెవి ఎక్కడ పెట్టావని అడిగారు. చెప్పనన్నాను. సరేనన్నారు. మళ్ళీ అడగలేదు. అడిగి, అరిచి, చేతికందింది విసిరికొట్టి ఉంటే నాకు ఇంత భయం ఉండేది కాదు. పక్కింటావిణ్ణి కబుర్లకని ఆయన దగ్గర కూర్చోబెట్టి వచ్చాను, ఆవిడకి ఏమీ తెలియదు. వీలు చూసుకుని రమ్మని పైన రాసిన మాట అన్నయ్యగారి కోసం. మీరు వీలు చూసుకోకండి. కట్టుకున్న బట్టలతో రండి.