మీ అక్క టైపు చేసిన సగం పేజీ

ఆర్మూర్

జ్యోత్స్నకు బావ ఆశీస్సులు. నేను బాగానే ఉన్నాను.

నువ్వు ఫోన్‌లో అడిగినప్పుడు చెప్పలేకపోయాను. చివరి రోజు పొద్దున మీ అక్క రెండు ముద్దలు తిని, పెళ్లి కార్డులు టైపు చేసే పాత కంప్యూటర్ ముందు కూర్చుంది. "మార్కెట్ యార్డుల పసుపు కాంటా ఆగుతది, మీరు పోండ్రి. నాకు జర పనుంది" అని నన్ను పంపేసింది. మధ్యాహ్నం వచ్చేసరికి కుర్చీలోనే పోయింది. తెర మీద సగం పేజీ ఉంది. పైన నా పేరు చూసి, మిగతాది చదవలేకపోయాను. పెన్‌డ్రైవ్‌లో దాచాను.

పోయిన వారం ఆ కంప్యూటర్ పాడైతే కొత్తది కొన్నాను. ఏమేం ఎక్కించాలని దుకాణం వాహబ్ అడిగితే, ముందు ఆ పేజీ తెరవమన్నాను. అన్నీ పిచ్చి గీతలే వచ్చాయి. అతను ఇంకొకరితో మాట్లాడుతుండగా, మూసేద్దామని సేవ్ నొక్కాను.

"ఫికర్ చేయకుండ్రి సార్. వైరస్‌ది, ఉత్తరాలు రాసేది, అన్నీ ఏస్త. మేడమ్ కొట్టిన పాత తెలుగు ఫాంటే నా దగ్గర లేదు. గా ఫాంటు దొరికేదాంక సేవ్ మాత్రం నొక్కకుండ్రి, ఉన్నది గూడ పోతది" అన్నాడు. నొక్కానని చెప్పలేకపోయాను.

మీరిద్దరూ టైపు నేర్చుకున్న, ఆ ఫాంటు ఉన్న సీడీ నీ దగ్గర ఉందా? ఉంటే రిజిస్టర్ పోస్టులో పంపు. సీడీ వచ్చినా పేజీ తెరుచుకోదేమోనని భయం. తెరుచుకుంటే ఏం రాసిందోనని ఇంకా భయం.

పాపకు జ్వరం తగ్గిందా? అక్క చీరలు ఏం చేయమంటావో రాయి. మీ ఆయన శేఖర్‌ను అడిగానని చెప్పు. అందరూ చల్లగా ఉండండి.

రేపు పొద్దున వాహబ్ దగ్గరికి వెళ్లి, సేవ్ నొక్కానని చెప్తాను.

బావ