మామయ్య వేసిన ముడి

శుక్రవారం, రాత్రి

రేపు నరసరావుపేటలో నా టైలరింగ్ కొట్టు మొదలు. మామయ్యకు ఇష్టం లేదు, రానన్నారు. అయినా పొద్దున గురజాలలో బయల్దేరుతుంటే, కారు వెనక సీట్లో పాప పక్కన కుట్టుమిషన్ చూసి ఊరుకోలేదు.

"ఏందిరా ఇది? పిల్ల పక్కన ఇంత బరువు పెడతారా? డిక్కీలో అడుగునెయ్!" అని మా ఆయన మీద కేకలేశారు. ఒకప్పుడు లారీలకు లోడు కట్టిన మనిషి. మిషన్‌ని డిక్కీలో సీటు వీపుకు ఆనించి, తనే తాడు బిగించారు. ఆలస్యమవుతోందని నాకు ఒళ్లు మండింది.

పిడుగురాళ్ల దగ్గర ముందు లారీ ఆగిపోతే సడన్ బ్రేక్ వేశాం. సీటు మీది నా బ్యాగు ఎగిరి ముందుకు పడింది. పాప ఉలిక్కిపడి ఏడ్చింది, అంతే. మిషన్ కదల్లేదు. అది పాప పక్కనే ఉండుంటే...

ఇక్కడికొచ్చాక ఆ ముడి మా ఇద్దరికీ ఊడిరాలేదు. ఫోన్ చేశాను.

"తాడు కొయ్యమాకమ్మాయ్. పొద్దున్నే నేనొస్తా" అన్నారు.