బూడిదకుప్పలో గోలీలు
డాక్టరు మీ రిపోర్టులు చూసి "పేగుల పుండు లేదు, గడ్డ లేదు" అన్న రోజు, సంతోషం పట్టలేక సిరిసిల్ల బస్టాండులో రెండో ప్లేటు మిర్చి కూడా నేనే తిన్నాను. ఈ పొద్దున ఆయన రాసిచ్చిన గోలీలన్నీ మన బూడిదకుప్పలో దొరికాయి.

అన్నం, పెసరపప్పు మూతపెట్టి ఉంచాను. మజ్జిగ పలుచగా చేశాను. పచ్చడి ముట్టకండి. నేను సిరిసిల్ల వెళ్లి మళ్లీ అవే గోలీలు తెస్తాను.

మందుల దుకాణం రాజనర్సు "గవి పిచ్చోళ్ల గోలీలు సారూ, మీకెందుకు" అన్నాడట, అత్తమ్మ చెప్పింది. నాతో ఒక్క మాటైనా అనలేదు మీరు. అది దిగులు జబ్బుకు ఇచ్చే మందే. కొద్ది మోతాదులో వేసుకుంటే పేగుల నరాలు నెమ్మదిస్తాయని, గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుందని డాక్టరు మనిద్దరికీ చెప్పాడు కదా.

బడిలో తెలిస్తే నవ్వుతారని మీ భయం. నా భయం వేరు. తెల్లవారకముందే చెంబు పట్టుకుని ఊరవతల చెల్కల్లోకి పరుగెత్తుతారు. మొన్న పోలీసులు టార్చి వేసి "ఎవడ్రా, అడవిల అన్నలకు సద్ది మోస్తున్నవా" అని తుపాకీ ఎత్తారు. చెంబు చూపించి బయటపడ్డారు. రేపు ఇంకొకడు చెంబు చూడకముందే కాలిస్తే? మీరు తిరిగొచ్చేదాకా తలుపు పట్టుకుని నిలబడుతున్నాను. ఇక నావల్ల కాదు. దయచేసి వేసుకోండి.

మరిచాను, రేపు ఆదివారం. బస్సులో కడుపు కదులుతుందని పెళ్లయినప్పటి నుంచి కొండగట్టు గుడికి ప్రయాణం వాయిదా వేస్తున్నారు. రేపు పోదాం. మీరు ఎక్కడంటే అక్కడ బస్సు నేను ఆపిస్తాను.