మోరీ దాకా రావాలె

ఛత్రినాక,
ఆదివారం పొద్దున.

బావా,

ఇంద్రజ రాస్తున్న. ఇక్కడ మేము బాగున్నమని, అక్కడ నువ్వు బాగుండాలెనని మొదలుపెట్టకపోతే ఉత్తరం ఉత్తరమే కాదని మా బడి పిల్లలకు నేనే చెప్తుంట. అందుకే రాస్తున్న. అత్తమ్మ మోకాళ్లు కొంచెం నయం. నువ్వు చెప్పిన నూనె పొద్దుమాపు రాస్తున్న. బడిల పరీక్షలు అయిపోయినయి, పేపర్లు దిద్దుడు కూడ నిన్నటితోని ఒడిసింది. ఆసిఫాబాద్ దిక్కు ఎండలు ముదిరినయని పేపర్ల చూసిన. క్యాంపుల నీళ్లు కాచి తాగు.

నువ్వు పంపిన రెండో బ్యాటరీ అందింది. కంపెనీ జీపు డ్రైవర్ ఇంటికే తెచ్చి ఇచ్చిండు, నీ ఉత్తరం దానికే చుట్టి ఉన్నది. ఈ చిన్న కెమెరాకు బ్యాటరీ తొందరగ అయిపోతదని నేనెప్పుడో అన్న ఒక్క మాట యాది పెట్టుకొని పంపినవు. నెల కిందనైతే దాన్ని చేతుల పట్టుకొని ఏడుద్దును, ఇంత ప్రేమ ఉన్నోడు దొరికిండని.

కెమెరా చేతికి అలవాటైందా అని అడిగినవు. అయ్యింది. మస్తు అలవాటైంది. పాతది, కోఠిల మార్పిడికి ఇచ్చిన పెద్ద కెమెరా, మెడల ఏసుకుంటే దేవుని పటం మోసినట్టు ఉండేది. దాన్ని పట్టుకొని గల్లీల అడుగు పెట్టంగనే పిల్లలు ఉరికొచ్చేటోళ్లు, ఆడోళ్లు కొంగు సర్దుకునేటోళ్లు. ఎల్లప్ప తాత అయితే ఇస్త్రీ పెట్టె పక్కకు పెట్టి, లోపలికి పోయి, అంగీ ఏసుకొని, తల దువ్వుకొని వచ్చేటోడు. నొక్కితే కెమెరా లోపల అద్దం లేచి పడి టక్కుమని నాలుగు ఇండ్లకు వినబడేది. ఆ చప్పుడు అయినంకనే అందరు ఊపిరి వదిలేటోళ్లు.

ఈ చిన్నదాంట్ల ఆ అద్దమే లేదు. టిఫిన్ డబ్బా పక్కన బ్యాగుల పడతది. బడికి పోయేటప్పుడు, మాదన్నపేట మార్కెట్ల కూరగాయలు తెచ్చేటప్పుడు, ఎప్పుడంటే అప్పుడు తీసుకోవచ్చు. తీయకముందే ఫోటో ఎట్ల వస్తదో తెర మీద కనబడతది. నొక్కితే చప్పుడు రాదు. మన పెళ్లిరోజు నాడు నువ్వు దాన్ని నా చేతుల పెట్టి అన్న మాట పొల్లు పోకుండ యాదికున్నది. "పెద్ద కెమెరా ముందట అందరు పోజు పెడతరు ఇందూ. దీన్ని ఎవ్వరు పట్టించుకోరు. మనుషులు మనుషుల తీరుగ ఉంటరు."

ఆ మాట నిజమే. అబద్ధం చెప్పి మోసం చేస్తే ఎట్లనో తట్టుకుందును. నువ్వు నిజం చెప్పి చేసినవు.

తర్వాత ఫోటో ఎట్ల తీయాల్నో నేర్పినవు. మనిషిని ఒక్కన్నే తీయకు, ఆయన కూసున్న చబుత్ర, ఇంటి ముందటి అరుగు, మొత్తం రావాలె, కింద మురికినీళ్ల మోరీ దాకా రావాలె, పక్కన కరెంటు స్తంభం పడితే ఇంక మంచిది, బొమ్మకు చోటు కావాలె అన్నవు. ఫోన్ కలిపి పెట్టుకుంటే ఏ ఫోటో ఏ జాగల తీసింది కెమెరానే రాసుకుంటది, రేపు మన పిల్లలకు చూపెట్టొచ్చు అన్నవు. తీసినవన్ని మన ఇద్దరి ఫోల్డర్ల వాటంతట అవే పడేటట్టు చేసినవు, భద్రంగ ఉంటయని. మన చబుత్ర మీద అత్తమ్మను తీస్తనంటే మాత్రం, ఇంటిది ఎందుకు, రోజు చూసేదే కదా అన్నవు. మా ఆయనకు బొమ్మల గురించి ఇంత తెలుసా అని నేను మురిసిన. నాలుగు నెలలు, నువ్వు క్యాంపుకు పోయినంక కూడ, మోరీ దాకా వచ్చేటట్టే తీసిన.

పోయిన సోమవారం నేను బడి నుంచి వచ్చేసరికి మన గల్లీ గోడల మీద ఎర్రరంగు గీతలు, నంబర్లు. ఇరవై మూడు ఇండ్లకు. చబుత్రలు మోరీ దాటి గల్లీలకు వచ్చినయట, పదిహేను రోజులల్ల ఎవరిది వాళ్లు తీసేయాల్నట, తీయకుంటే మున్సిపాలిటోళ్లే వచ్చి కూలగొడతరట. రెండేండ్ల కింద టేపు పట్టుకొని కొలతలకు వచ్చినోళ్లను ఆడోళ్లంత బిందెలు అడ్డం పెట్టి వాపస్ పంపిన్రు, నీకు యాదికుండాలె. ఈసారి టేపే లేదు. చేతిల కాయితం చూసుడు, గోడ మీద గీత గీసుడు. మీ సర్వే ఆఫీసుల ఒకాయన లొల్లి లేకుండ కొలతలు తెస్తనని సారుకు మాట ఇచ్చిండట, తెచ్చిండట. రంగు ఏసేటాయనే చెప్పిండు, మెచ్చుకుంట.

ఎదురింటి సుజనక్క మన గడప ముందట నిలబడి గోడను పైకి కిందికి చూసింది.

"అందరికి బొట్టు పెట్టిన్రు, మీ ఇంటికే మర్చిపోయిన్రా ఇంద్రజా? పేరంటానికి పిలువలేదా?" అన్నది.

నవ్వుకుంటనే అన్నది. నేను కూడ నవ్విన. ఆ నవ్వు మధ్యల ఆగిపోయింది.

సాయంత్రం ఎల్లప్ప తాత వచ్చిండు. రంగు ఏసేటాయనను బతిమిలాడి తన ఇంటి కాయితం అడుక్కొని తెచ్చిండు. చదివి చెప్పుమన్నడు. ఆయన పింఛన్ కాయితాలు నింపింది నేనే, ఏ కాయితం వచ్చినా నా దగ్గరికే తెస్తడు. దాని మీద నా ఫోటో ఉన్నది బావా. మధ్యాహ్నం పని అయినంక తాత బనీను మీద, నోరు తెరుచుకొని, చబుత్ర మీద నిద్రపోతున్నది. ఒక చెయ్యి ఇస్త్రీ పెట్టె పిడి మీదనే ఉంటది, చల్లారిందా లేదా చూసుకుంట నిద్రపోయినట్టు. నాలుగు నెలలల్ల తీసినవాట్ల నాకు అన్నిటికంటె ఇష్టమైంది అదే. మోరీ అంచు పొంటి దాని మీద ఎర్రగీత. కింద సన్న అక్షరాలల్ల తేది, జాగ. దాని కింద, ఫోటో: ప్రేమ్‌రాజ్, సూపర్‌వైజర్.

నువ్వు సూపర్‌వైజర్ అయిన సంగతి నాకు అట్ల తెలిసింది.

ఇది నేను తీసిందే తాతా అని చెప్పిన. తాత కోపం చేయలే. చబుత్ర పోతే ఇస్త్రీ బల్ల ఏడ ఏసుకుంటనని కూడ అడుగలే, నలభై ఏండ్ల సంది ఆయనకు ఆ బల్లనే తిండి. కాయితంల తన బనీను మీద వేలు పెట్టిండు.

"బిడ్డా, అంగీ ఏసుకొమ్మని ఒక్క మాట చెప్పకపోతివి" అన్నడు.

గల్లీ ఇరుకు అని నువ్వంటవు. నిజమే. పోయిన వానకాలం తాతను దవాఖానకు తీస్కపోవాలంటే ఆటో లోపలికి రాలే. మంచం మీద మోసుకపోయిన్రు, ఒక కోడు నువ్వే పట్టినవు. తొవ్వ వెడల్పు కావాలెనంటే కావాలె. ఆ మాట గల్లీ నడుమ నిలబడి చెప్తే తిట్టేటోళ్లు తిడుదురు, వినేటోళ్లు విందురు. మా నాయన ఇంట్ల బడికి పోయిన మొదటిదాన్ని నేను. ఈ గల్లీల ప్రతి ఒక్కరి కాయితం నేనే నింపిన. నన్ను చూస్తే ఎవ్వరు తలుపు ఏసుకోరని నీకు తెలుసు. కెమెరా చిన్నదని కాదు వాళ్లు పట్టించుకోంది, పట్టుకున్నది నేనని. అది ఎరిగే నువ్వు నా చేతికి ఇచ్చినవు.

ఇంత రాసినంక అసలుది దాచిపెడితే నేను కూడ నీ లెక్కనే అయిత.

గోడలకు రంగు పడుటానికి రెండు వారాల ముందు ఒక మంగళవారం నేను ఆ ఫోల్డర్ తెరిచి చూసిన. నా ఫోటోలకు నేను పెట్టుకున్న పేర్లు లేవు. 'తాత నిద్ర' పోయి 'ఎడమ 7' అయ్యింది. 'సుజనక్క వడియాలు' పోయి 'కుడి 4' అయ్యింది. మోరీల పొంటి గీతలు గీసి ఉన్నయి. నాకేం అర్థం కాలేదని చెప్పుకుంటే ఎవ్వరన్న నమ్ముతరు. అర్థమైంది. మొత్తం కాదు, సగం. ఆగడానికి ఆ సగం చాలు. మర్నాడు బుధవారం, నువ్వు టౌన్‌కు సామాన్లకు వచ్చినప్పుడు ఫోన్ చేసినవు. గుడి దిక్కు నాలుగు ఇండ్లు తీయకుండ ఉండిపోయినయన్నవు. అడుగుదామని నోరు తెరిచిన. ఆ లోపల నువ్వు, "నీ కన్ను మంది కన్ను కాదు ఇందూ, పెద్ద పెద్ద ఫోటోగ్రాఫర్లకు కూడ రాదు" అన్నవు. బడిల, కాలేజీల నాకు మార్కులు ఇచ్చినోళ్లు ఉన్నరు. నాకొక కన్ను ఉన్నదని ఎవ్వరు అనలే. గురువారం రెండు, శుక్రవారం రెండు తీసిన.

ఉత్తరంల అడిగినవు కదా, గుడి దిక్కువి మంచిగ వచ్చినయా అని. వచ్చినయి. అన్నిటికంటె మంచిగ వచ్చినయి.

మంగళవారం ఇదంత అత్తమ్మకు చెప్పిన. బుధవారం తాత చబుత్ర ముందట నిలబడి గల్లీ అందరికి చెప్పిన, గుడి దిక్కు నాలుగు ఇండ్ల సంగతి కూడ. కొందరు నిన్ను తిట్టిన్రు, కొందరు నన్ను. సుజనక్క లోపలికి పోయి తలుపు ఏసుకున్నది. అప్పటి సంది నాతోని మాట లేదు. వడియాలు ఎండేసేటప్పుడు నేను కనబడితే కొంగు నిండ కప్పుకుంటది.

అత్తమ్మ ఏడుస్తదేమో అనుకున్న. ఆమె మెల్లగ లేచి మన చబుత్ర అంచుకు పోయి కిందికి చూసింది. మన మోరీ కనబడదు కదా. మామయ్య బండలు పరిచి దాని మీదికెల్లి కట్టిండు, అందరి కంటె మూరెడు ముందుకున్నది మనదే. నీకు తెలువనిది కాదు.

"వాడు చిన్నప్పటి సంది ఇంతే" అన్నది. "ఆటల ఓడిపోతుంటే అందరి గోలీలు ఎత్తుకొని ఇంట్లకు ఉరుకుతుండె."

గురువారం నేను బడి నుంచి వచ్చేసరికి బోనాలకు కట్టుకునే పచ్చచీర కట్టుకొని, బొట్టు పెట్టుకొని, మన చబుత్ర నడుమ కూసొని ఉన్నది. కెమెరా తియ్యి అన్నది. ఎందుకు అత్తమ్మా అంటే, "ఇరవై మూడు ఇండ్లయి తీసినవు, నీ ఇంటిది ఎవరు తీస్తరు? మోరీ బండ కూడ పడాలె" అన్నది.

నేను గల్లీల నిలబడి నొక్కిన. అత్తమ్మ అట్లనే కదలకుండ కూసున్నది. కొంచెంసేపు అయినంక, ఇంక తీస్తలేవేంది అని అడిగింది. తీసిన అన్న.

"చప్పుడు రాకుంటే నాకెట్ల తెలుస్తదే" అన్నది.

అప్పుడు మెనూల వెతికిన. చప్పుడు పెట్టుకునే జాగ ఒకటి ఉన్నది బావా. నువ్వు దాన్ని బంద్ చేసి నాకు ఇచ్చినవు. నిండ పెంచి మళ్ల తీసిన. టక్కుమన్నది. సుజనక్క తలుపు కొంచెం తెరుచుకున్నది. ఎల్లప్ప తాత అంగీ గుండీలు పెట్టుకుంట బయటికొచ్చి, ఎవరిని తీస్తున్నవు బిడ్డా అని అడిగిండు.

ఆ ఫోటోను శుక్రవారం పొద్దున నేను, అత్తమ్మ పోయి మీ ఆఫీసుల ఇచ్చినం. మా ఇల్లు మర్చిపోయిన్రు సారూ, రాసుకోన్రి అన్నది అత్తమ్మ. ఆయన కాయితం చూసి ఇంటిపేరు రెండుసార్లు అడిగిండు. ఫోటో తీసినోళ్ల పేరు రాయాల్నంటే నా పేరు రాసిన. అత్తమ్మ వేలిముద్ర ఏసింది. సాయంత్రం రంగు ఏసేటాయన వచ్చి మన గోడ మీద ఇరవై నాలుగు అని రాసిపోయిండు.

రేపు సోమవారం ఇరవై నాలుగు ఇండ్లోళ్లం కలిసి పోతున్నం. చబుత్ర తీయాల్నంటే తాత ఇస్త్రీ బల్లకు జాగ ముందు చూపెట్టాలెనని అడుగుతం. అర్జీ నేనే రాసిన. రాసి, అందరి ముందట రెండుసార్లు చదివిన. ఏమైతదో తెలువదు. సుజనక్క సంతకం పెట్టింది గని నా మొఖం చూడలే.

ఫోన్ ఎందుకు ఎత్తుతలేవు అని అడిగినవు. ఫోన్ల నువ్వు మాట మధ్యల నవ్విస్తవు. నవ్వితే నేను సగం మర్చిపోత. ఒకసారి సగం తెలిసి ఊకున్న, మళ్ల ఊకోను. ఫోల్డర్ నుంచి నా కెమెరాను తీసేసిన. నువ్వు రావాలెనంటే రా, ఇది నీ ఇల్లే. వచ్చేటప్పుడు తాత ఇల్లు దాటుకొనే రావాలె కదా, ఆడ ఆగి ఏం చెప్తవో బస్సులనే ఆలోచించుకొని రా.

కెమెరా నేను ఉంచుకుంటున్న. దాని తప్పేం లేదు. రెండో బ్యాటరీ మాత్రం ఈ ఉత్తరంతోని జీపు డ్రైవర్ చేతికి ఇచ్చి పంపుతున్న. నాకు ఇప్పుడు ఒక్కటే రెండు మూడు రోజులు వస్తున్నది. అడిగి తీస్తుంటే అన్ని ఫోటోలు కావు.

ఇట్లు,
నీ మేనమామ బిడ్డ,
ఇంద్రజ