ఒంట్లో ఉన్న రాగికి గేటు పాసు కోరుతూ

కార్మిక సంక్షేమాధికారి గారి సముఖమునకు,
మోటారు వైండింగ్ కర్మాగారంలో ఆరో బల్ల దగ్గర పనిచేయు కార్మికురాలు వ్రాసుకొన్న విన్నపము.

అయ్యా,

విషయం: నా గర్భసంచిలో డాక్టరు గారు అమర్చిన కాపర్-టి అను సాధనము కంపెనీ వారి రాగి కాదని తేల్చి, నొప్పి సర్దుకొనువరకు కూర్చొని పనిచేయుటకును, మరుగుదొడ్డికి అడ్డులేక పోవుటకును ఉత్తర్వులు ఇప్పించుట గురించి.

పై విషయం చదివి తమరు కళ్ళజోడు తుడుచుకొని మళ్ళీ చదివి ఉంటారు. మొదటిసారి చదివినదే సరియైనది.

ఇది ఆడవాళ్ళ సంగతి, మనకెందుకని కాగితం పక్కన పెట్టవద్దని ప్రార్థన. ఆడవాళ్ళ సంగతిగానే మొదలైంది గాని, మా సూపర్‌వైజరు గారి పుణ్యమా అని ఇప్పుడది సరుకు సంగతి అయినది. కావున తమ శాఖకే వచ్చును.

1. నేను సదరు కర్మాగారంలో మోటార్లకు రాగి తీగ చుట్టుచుందును. ఇద్దరు పిల్లలు. రెండో కాన్పులో నాకు రక్తం ఆగలేదు. ఆ రోజు మా ఆయన ఆస్పత్రి వరండాలో చెప్పుల్లేకుండా తిరిగాడనీ, ఆ చెప్పులు ఎక్కడ విడిచాడో ఇప్పటికీ తెలియదనీ మా అత్తగారు చెబుతుంటారు. ఇంకోసారి ఆ సాహసం వద్దని డాక్టరమ్మ ఖండితంగా చెప్పినారు. మాత్రలు వాడి చూస్తే కళ్ళ ముందు మెరుపులు మెరిసి, తల ఒక పక్కన పగిలిపోయేది. "ఈ హార్మోన్ల మాత్రలు నీకు పడవు, ఆపెయ్" అన్నారు. అంతట మా ఆయనను చిన్న ఆపరేషను చేయించుకొమ్మని కోరితిని.

"నేనా? రేపు బరువులెత్తాల్సొస్తే?" అన్నాడు.

మా ఇంట్లో ఇంతవరకు గ్యాస్ బండ ఎత్తేది మా అత్తగారు.

అందుచేత హార్మోన్లు లేనిదేదైనా ఉందా అని అడగగా, డాక్టరమ్మ కాపర్-టి పేరు చెప్పినారు. పదేళ్ళు పనిచేస్తుందట. మా కంపెనీ మోటారుకు రెండేళ్ళకు మించి గ్యారంటీ ఇవ్వము. మా అత్తగారికి మాత్రం ఒక్కటే అనుమానం. "రాగి కదే, లోపల చిలుము పట్టదూ? ఏడాదికోసారి తీసి తోమించుకోవాలేమో కనుక్కో" అన్నది. కనుక్కొంటిని. అక్కర్లేదట.

2. సెలవు కొరకు సూపర్‌వైజరు గారి వద్దకు పోగా జరిగిన సంభాషణ ఇది. ఉన్నది ఉన్నట్టు వ్రాయుచున్నాను.

"ఎక్కడికి?"

"ఆస్పత్రికండి."

"కాన్పా?"

"కాదండి."

"కడుపు పోయిందా?"

"లేదండి."

"మరి దేనికి?"

"రాకుండా చూసుకోవడానికండి."

"రానిదానికి సెలవెలా ఇస్తానమ్మా? వచ్చాక రా, నెలల తరబడి ఇస్తాను."

ఆయన వెటకారానికి అనలేదు అయ్యా. నిజంగానే రూలు చూసి చెప్పినారు. చివరకు పూట జీతం వదులుకొని పోయితిని.

అక్కడ బల్ల మీద పడుకోబెట్టి, "ఒళ్ళు వదులు చెయ్యమ్మా" అన్నది నర్సమ్మ. ఏళ్ళ తరబడి నిలబడి పనిచేసిన కాళ్ళు, వదులంటే ఏమిటో వాటికి తెలియదు. మాటల్లో పెడదామని ఏం పని చేస్తావని అడిగింది. రాగి తీగ చుడతానన్నాను. "అయితే ఇది నీ సొంత సరుకే, చూడు" అని పెట్టబోయేదాన్ని చూపించింది. ఇంత ప్లాస్టిక్ పుల్ల, దాని మీద వెంట్రుకంత తీగ. చుట్టు మీద చుట్టు ఎక్కలేదు, ఎక్కడా సందు లేదు. మా బల్ల మీదికొస్తే మారు మాట లేకుండా పాసయ్యేదని చెప్పాను. నర్సమ్మ నవ్వి, "దగ్గమ్మా" అన్నది. నేను దగ్గాను.

చీమ కుట్టినట్టుంటుందన్నారు. అంత పెద్ద చీమను నేను చూడలేదు. పొత్తికడుపులో ఎవరో బట్ట పిండి ఆరేసినట్టయింది. కళ్ళు తిరిగాయి. కాసేపు పడుకుంటే తగ్గింది. అబద్ధమెందుకు, మొత్తం పని పట్టింది కొద్ది నిమిషాలే.

లేచేముందు నర్సమ్మ అన్నీ చెప్పింది. "మొదటి మూణ్ణాలుగు నెలలు నెలసరి ఎక్కువగా అవుతుంది, మెలిపెడుతుంది. తర్వాత సర్దుకుంటుంది. ఏదైనా తిని నొప్పి మాత్ర వేసుకో. కడుపు మీద వేడి పెట్టుకో. మెలిపెట్టినప్పుడు కూర్చో. జ్వరమొచ్చినా, దుర్వాసన వచ్చినా, ఓర్చుకోలేని నొప్పి పుట్టినా, దీని చివర వేలాడే దారాలు చేతికి తగలకపోయినా ఆగకుండా వచ్చెయ్. ఏమీ లేకపోయినా నెలసరి అయ్యాక ఓసారి చూపించుకో." ఇవన్నీ ఎవరైనా చేయగలిగినవే, మా కర్మాగారంలో తప్ప.

3. మా కర్మాగారంలో రాగి అంటే బంగారము. వెనకటికెవరో అన్నం డబ్బా అడుగున తీగ చుట్టుకొని పోయినారట. నాటి నుండి పని షెడ్డు గేటు దాటు ప్రతివారినీ "రాగి ఏమన్నా ఉందా?" అని అడగవలెనని ఆజ్ఞ. మరుగుదొడ్డి గేటుకు అవతల ఉన్నది. కొంగుకు తీగ ముక్క అంటుకొన్నా మేమే ముందు చెప్పేస్తాం. చెప్పినవాళ్ళకు చీవాట్లు, దాచినవాళ్ళకు ఉద్వాసన, అదీ మా గేటు ధర్మం. ఇన్నేళ్ళుగా ఆ ప్రశ్నకు నిజం చెప్పి చెప్పి నా నాలుకకు అది అలవాటైపోయింది. కాపర్-టి పెట్టించుకొన్న మర్నాడు గేటు బాబాయి అడిగాడు.

"రాగి ఏమన్నా ఉందా అమ్మాయ్?"

"ఉంది బాబాయ్."

"తీసి ఈ బల్ల మీద పెట్టు."

"నేను తీస్తే రాదు బాబాయ్. డాక్టరమ్మే తీయాలి."

పాపం, ఆయనకు సంగతి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక టోపీ తీసి మళ్ళీ పెట్టుకొన్నాడు. "నాకెందుకు చెప్పావే తల్లీ! లేదంటే పోయేది కదా. ఇప్పుడు విన్నాక విననట్టు ఎలా ఉండను?" అన్నాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఆయన పోయి సూపర్‌వైజరు గారికి విన్నవించుకొన్నాడు.

సూపర్‌వైజరు గారు దిగివచ్చి సెలవిచ్చినదేమనగా, "బయటి రాగి ఏదైనా లోపలికి తెచ్చేటప్పుడు గేటు దగ్గర చూపించాలి. నువ్వు చూపించలేదు. కాబట్టి అది లోపలి రాగే అనుకోవాల్సి వస్తుంది."

"ఇప్పుడు చూపించమంటారా సార్?" అన్నాను.

ఆయన షెడ్డు కప్పు వంక చూడసాగారు. అక్కడ చూడదగినదేమీ లేదు.

రాగి నా సొంతమని రుజువు తెచ్చువరకు, గేటు దాటవలసిన ప్రతిసారీ ఆయన చేతి చీటీ ఉండవలెనని ఉత్తర్వు అయినది. ఆస్పత్రి వారు కాపర్-టి పెట్టినట్టు రాసిచ్చినారు. అది తీసుకుపోతే, "పెట్టినట్టుంది సరే, ఎవరి రాగి పెట్టారో లేదే?" అన్నారు. మళ్ళీ పోతే నర్సమ్మ, "మీ కంపెనీ సరుకును మేమేం చేసుకుంటామమ్మా, మాకు పెట్టెల్లో వస్తాయి" అని తల పట్టుకొంది. తల పట్టుకొన్నట్టు రాసిమ్మని అడగడానికి నాకు నోరు రాలేదు.

ఇంతలో నెలసరి వచ్చినది. గోరుచుట్టు మీద రోకటిపోటు. సూపర్‌వైజరు గారి గది పై అంతస్తులో ఉన్నది.

అయ్యా, ఇక్కడ నాకు ఆఫీసు భాష చాలడం లేదు. బట్ట తడిసిపోతుంటే మెట్లెక్కాను. మగవాళ్ళ మధ్య చీటీకి నిలబడ్డాను. మెట్లు దిగి, గేటు దగ్గర చీటీ చూపించి, పెరడు దాటి వెళ్ళాను. వచ్చిన కాసేపటికే మళ్ళీ వెళ్ళాల్సి వచ్చింది. మళ్ళీ మెట్లెక్కాను. ఈసారి ఆయన పెన్ను రాయలేదు. విదిలించి చూశారు, కాగితం మీద గీసి చూశారు. నేను అక్కడే నిలబడి ఏడ్చాను. నొప్పికి ఏడవలేదు అయ్యా, ఆ పెన్నుకి ఏడ్చాను.

4. మా షెడ్డులో వార్నిష్ ముంచిన మోటార్లను ఆరబెట్టే పొయ్యి ఒకటి ఉన్నది. దాని దగ్గర పనిచేయు ఆమెను అందరం పొయ్యి అక్క అంటాము. బల్ల అంచు పట్టుకొని నేను వంగిపోవడం చూసి, అప్పుడే పొయ్యిలోంచి తీసిన చిన్న మోటారును గుడ్డలో చుట్టి తెచ్చింది.

"ఇదిగో, కడుపుకి ఆనించుకో. ఆరిపోయిందిలే, వార్నిష్ అంటదు. చల్లారితే ఇంకోటి తెస్తా" అన్నది.

నా జన్మలో ఏ మోటారూ నాకంత సుఖం ఇవ్వలేదు. ఎటూ చల్లారేదాకా ఊరికే ఉండే సరుకే కదా, ఒకటి చల్లారేలోపు ఇంకొకటి, అలా పూటంతా గడిపాను. దరిమిలా, అమ్మకపు సరుకును సొంత ఒంటికి వాడినందుకు సంజాయిషీ ఇమ్మని మా ఇద్దరికీ తాఖీదు వచ్చినది. నా సంజాయిషీ ఇదే: సదరు మోటార్లన్నీ పరీక్షలో పాసయి బయటికి వెళ్ళిపోయినవి. వాటిని కొన్నవారు చల్లగా ఉండాలి. పొయ్యి అక్కకు ఏ పాపమూ తెలియదు, ఆమెను వదిలేయవలెను.

5. కూర్చొనుటకు ఒక స్టూలు కోరితిని. ఒకరికిస్తే అందరూ అడుగుతారన్నారు. అందరూ అడిగితే అందరికీ కాళ్ళు నొప్పులనేగా అర్థం అంటే, ఎదురు చెబుతున్నానన్నారు. ఆ పైన మంచిగానే, ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పినట్టు, "అడుసు తొక్కనేల, కాలు కడగనేల అమ్మా?" అన్నారు.

ఆ సామెత మా ఆయనకు చెప్పవలసినది. నాకు చెప్పినారు.

"అయినా ఇంత గొడవెందుకు? తీయించేసుకుంటే పోలా?" అని తేల్చారు.

పోతుంది అయ్యా. తీయించుకొంటే గేటు దగ్గర గొడవ పోతుంది, చీటీలు పోతాయి. కొన్నాళ్ళకు నేను కడుపుతో ఉంటాను. అప్పుడు స్టూలు ఇస్తారు, రూలులో ఉంది. మరుగుదొడ్డికి చీటీ అక్కర్లేదు, అదీ రూలులో ఉంది. నెలల తరబడి సెలవు ఇస్తారు. ఆ తర్వాత, పోయినసారిలాగే రక్తం ఆగకపోతే, షెడ్డులో అందరినీ కాసేపు మౌనంగా నిలబెడతారు. అదీ నిలబడే.

నాకు చావంటే భయం అయ్యా. ఇంత చిన్న మాట చెప్పడానికి ఇన్ని కాగితాలు పట్టాయి. చిన్నవాడు ఇంకా నా చెయ్యి పట్టుకుంటే గాని నిద్రపోడు. మా ఆయన ఈ నొప్పి రోజుల్లో వంట చేస్తున్నాడు, బట్టలు ఉతుకుతున్నాడు, వేడినీళ్ళు కాచి ఇస్తున్నాడు, కాదనను. కాని పెద్దదానికి జడ వేయడం ఆయనకు ఇంకా రాలేదు. రెండు పక్కలా సమానంగా రావడం లేదు.

కాబట్టి కాపర్-టి తీయించుకోను. ఉద్యోగంలోంచి నన్ను తీసేస్తే తీసేయండి, దాన్ని మాత్రం తీయను. నొప్పి నాలుగు నెలల్లో సర్దుకుంటుందని నర్సమ్మ చెప్పింది. నేను నమ్ముతున్నాను, పోయిన వారం కంటే ఈ వారం కొంచెం నయం కూడా. సర్దుకోవలసినది ఇక మా కంపెనీ ఒక్కటే.

పై సంగతులు విచారించి, నా ఒంట్లోని రాగిపై కంపెనీ వారికి హక్కు లేదని తేల్చి, ఈ నాలుగు నెలలు ఒక స్టూలు మీద కూర్చొని తీగ చుట్టుకొనుటకును, అడగకుండా గేటు దాటుటకును, నెలసరి తర్వాత ఒక పూట ఆస్పత్రికి పోయి చూపించుకొనుటకును అనుమతి ఇప్పించవలెను. ఇది కూడా నిలబడే రాశాను. అక్షరాలు వంకర పోయినచోట అక్కడ మెలిపెట్టినదని ఎరిగి, దయతో చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
ఆరో బల్ల కార్మికురాలు

తా.క. ఈ అర్జీ ఇద్దామని తమ ఆఫీసుకు వచ్చి, ఇది ఇక్కడే గోడకు కాగితం ఆనించి రాస్తున్నాను. మీ దగ్గర పనిచేసేవాళ్ళలో ఒకరు పైదంతా చదివి, తలుపు దగ్గరగా వేసి, "చాలా నొప్పా?" అని మెల్లిగా అడిగారు. ఎవరో చెప్పను. ఉన్నమాట చెప్పాను. ముందు ఏదైనా తినమన్నాను, నొప్పి మాత్ర సంగతి డాక్టరమ్మను అడగమన్నాను, తోడుగా ఎవరినైనా తీసుకెళ్ళమన్నాను. "నన్నూ పెట్టించుకోవడానికి గురువారం ఆస్పత్రికి రమ్మన్నారు. మా సార్ సెలవు ఇవ్వరేమో, ఏమని చెప్పను?" అని కళ్ళనీళ్ళు పెట్టుకొంది. సార్, గురువారం ఎవరైనా ఒంట్లో బాగాలేదని సెలవడిగితే ఎందుకని అడగకండి, ఇచ్చేయండి. ఇచ్చిందీ లేనిదీ ఆవిడ వచ్చి నాకు చెబుతానంది. దాన్నిబట్టి నా అర్జీ ఏమవుతుందో నాకే తెలిసిపోతుంది, మీరు జవాబు రాసే శ్రమ పెట్టుకోనక్కర్లేదు.